పొలిమేర వేప

"పోపు లేకుంటే అది పప్పెట్లయితదే అవ్వా? కుడితి లెక్కుంటది," అన్నాడు రఘుపతి, ఆవాల డబ్బా చేతిలో పట్టుకొని.

"కుడితి తాగిన గొడ్లు బలంగనే ఉంటయి తీ," అంది దేవవ్వ పొయ్యికి అడ్డంగా నిలబడి. "ఇంట్ల పిల్లకు తల్లి పోసినంక నూనె కాగొద్దు, ఆవాలు చిటపటమనొద్దు. ఆ డబ్బా ఆడ పెట్టు. పెట్టుమన్ననా?"

"పక్కింట్ల చేపలు వేంపుతున్నరు. ఆ చిటపట మన తల్లికి ఇనబడదా?"

"వాళ్ళ తల్లిని వాళ్ళు చూసుకుంటరు."

ఆ జవాబుకు గుమ్మం దగ్గర నిలబడి ఉన్న వాణికి నవ్వు ఆగలేదు. కూతురు సంగీతకు అమ్మవారు పోసినప్పటి నుంచి ఆ ఇంట్లో పోపు లేదు, వేపుడు లేదు. పెరుగన్నం, ఉడకబెట్టిన పప్పు, అంతే. ఊరి నుంచి మనవరాలిని చూడాలని వచ్చిన దేవవ్వ వంటింటి పెత్తనం తన చేతిలోకి తీసేసుకుంది. నర్సు అయిన కోడలు మందులు వేస్తుంటే అడ్డు చెప్పలేదు. అలాగే తన పసుపు గుడ్డకూ వేప మండలకూ ఎవరినీ అడ్డు రానివ్వలేదు.

తగువు పోపు దగ్గర ఆగినా బాగుండును. అది గేటు దాకా నడిచింది.

"సరే, పోపు సంగతి పోనియ్యి. గేటుకు కట్టిన ఆ మండలన్న తీసెయ్యి. ఉమర్ అర్బాబ్ వస్తున్నడు. ఇంట్ల రోగమున్నదని మనమే జెండా ఎగరేసినట్టుంది," అన్నాడు రఘుపతి.

"మండలు పిల్లకు తానం పోసిననాడు తీస్త. అప్పటిదాంక ముట్టుకుంటే చెయ్యి ఇరుస్త."

ఉమర్ ఎందుకు వస్తున్నాడో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మస్కట్‌కు దూరంగా సముద్రం ఒడ్డునున్న ఈ ఖబూరా ఊరికి ఉత్తరాన, వాగు సముద్రంలో కలిసే చోటు దాటాక, ఒక ఇసుక మిట్ట ఉంది. దాని మీద అంటువ్యాధుల దవాఖాన కట్టాలని నిర్ణయమైంది. ఊరు వద్దంటోంది. వద్దనేవాళ్ళకు పెద్ద ఈ ఇంటి యజమాని ఉమర్. మిట్టను చదును చేసే పని రఘుపతి ఫోర్‌మన్‌గా ఉన్న కంపెనీకే వచ్చింది. కట్టాక అక్కడి నర్సులకు పెద్దగా ఉండమని కబురొచ్చింది వాణికి. ఆదివారం లోపు ఆమె అవునో కాదో చెప్పాలి. ఈలోగా నిన్న సాయంత్రం ఉమర్ కొడుకు యాకూబ్ వచ్చి, "రేపు నమాజు అయ్యాక నాన్న మీతో మాట్లాడతారు" అని ముఖం చూడకుండా చెప్పి వెళ్ళాడు. ఇల్లు ఖాళీ చెయ్యమనడానికి కాకపోతే మరెందుకు?

"నువ్వు కాదని ఇప్పుడే ఫోన్ చేస్తే ఏ తండ్లాట ఉండదు," అన్నాడు రఘుపతి భార్య వైపు తిరిగి.

"కట్టేటందుకు నువ్వు కావాలె. అందుల పని చేసేటందుకు మాత్రం నేను కావద్దు."

"కట్టుడు వేరు, రోగాల నడుమ తిరుగుడు వేరు. నేను డ్యూటీ దిగినంక మిషన్ ఆడనే పెట్టి వస్త. నువ్వు ఎంబడి ఏం తెస్తవో ఎవరికెరుక?" అని లోపలి గది వైపు చూశాడు. "ఇప్పటికే తెచ్చినవ్."

వాణి ముఖం వాడిపోయింది. బడిలో సగం క్లాసుకు వచ్చిందే సంగీతకూ వచ్చిందని అతనికి తెలుసు. తెలిసే అన్నాడు. అన్న మరుక్షణమే డబ్బా మూత బిగించడంలో పడ్డాడు.

అప్పుడే ముంతాజ్ పెరుగు గిన్నెతో వెనక వాకిట్లోంచి వచ్చింది. కడప పిల్ల, వాణితోపాటే క్లినిక్‌లో నర్సు. చిన్నప్పుడే ఆటలమ్మ వచ్చి పోయింది కాబట్టి ఆ ఇంట్లోకి ధైర్యంగా వచ్చేది ఆమె ఒక్కతే.

"ఏందన్నా, ఆవాల డబ్బా పట్టుకోని ఏడ్చేటట్టుండావు? మా ఇంటికి రా, చారుకు తాలింపేసి పంపిస్తా. ఎవరికీ చెప్పనులే," అని దేవవ్వను చూసి నాలుక కరుచుకుంది.

దేవవ్వ కూడా నవ్వింది. వాణికి మాత్రం నవ్వు రాలేదు. ఆమె మనసులో ఇస్తారి మెదిలాడు. కరోనా నాటి సంగతి. ఇస్తారిది వీళ్ళ పక్క ఊరే, ఇక్కడ సెంట్రింగ్ పని. జ్వరంతో ఊపిరాడని మనిషిని రూమ్‌లో ఉండనివ్వలేదు. వాడలో ఒక ఖాళీ గోడౌనులో పడుకోబెడదామంటే చుట్టుపక్కలవాళ్ళు అడ్డం నిలబడ్డారు. ఇంకోచోట గేటే తీయలేదు. వాణి అతని పక్కనే వ్యానులో కూర్చుని ఎండలో ఊరంతా తిరిగింది. "అక్కా, నన్నేడ దించుతరు?" అని అడుగుతూనే ఉన్నాడు. ఎక్కడా దించలేదు. ఆ వ్యానులోనే పోయాడు. ఆ ప్రశ్నకు జవాబు ఇప్పటికి ఒక మిట్ట మీద దొరకబోతోంది. అది వద్దని ఊరు, అందులోకి వెళ్ళొద్దని మొగుడు.

గేటు బయట బండి ఆగింది.

ఉమర్ దిగాడు. డెబ్బై దాటిన మనిషి. పాదాల దాకా జారే తెల్లటి దిష్‌దాషా, నెత్తిన దారపు పనితనమున్న టోపీ, చేతిలో సన్నటి వెదురు కర్ర. పడుచుతనంలో బొంబాయి పడవల మీద తిరిగాడు కాబట్టి హిందీ బాగా వచ్చు. రఘుపతి దండం పెట్టినంత పనిచేసి, "రండి అర్బాబ్" అన్నాడు. ఉమర్ రాలేదు. గేటు దగ్గరే నిలబడిపోయాడు. ఆయన చూపు వేప మండల మీద ఉంది.

"అయిపాయె," అని గొణిగాడు రఘుపతి.

వాణి ముందుకు వచ్చి, "లోపల పిల్లకు ఆటలమ్మ, చాచా. మీరు అక్కడే ఉండండి, కుర్చీ వేస్తాను," అంది.

ఉమర్ కుర్చీ సంగతి విననట్టే కర్ర చంకలో పెట్టుకుని, మండలను చేత్తో తాకాడు. ఆకుల కొసలు కిందికి, కాడలు పైకి మడిచి, పసుపులో ముంచిన గుడ్డ పేలికతో కట్టి ఉన్నాయి. ఆ ముడి మీద ఆయన బొటనవేలు ఆగింది.

"ఎవరు కట్టారు ఇది?"

"మా అత్తమ్మ."

"ఇంట్లో వేపుడు మానేశారా?"

వాణి, రఘుపతి, వెనకే వాకిట్లోకి వచ్చిన దేవవ్వ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పోపు కోసం పొద్దుటి నుంచి పోరాడిన రఘుపతి తల్లి వైపు చూశాడు. నైజాం ఇలాకా తురక మాట కాస్త వచ్చిన దేవవ్వకు ప్రశ్న అర్థమైంది. తల ఊపింది.

"నూనె కాగనియ్య," అంది తెలుగులోనే.

ఉమర్ ముడి మీంచి వేలు తీశాడు. ఆ తరువాత వాణితో, "మీ అత్తను బండిలో కూర్చోమను. నువ్వూ, నీ భర్తా రండి. ఇల్లు ఖాళీ చెయ్యమని చెబుదామనే వచ్చాను. ఆ మాట తరువాత," అన్నాడు.

ముంతాజ్‌ను సంగీత దగ్గర ఉంచి ముగ్గురూ బయల్దేరారు.

ఎండిన వాగు ఇసుక దాటి బండి మిట్ట ఎక్కింది. ఒకవైపు ఒడ్డున బోర్లించిన పడవలు, నీలం వలలు. మరోవైపు ఖర్జూరపు తోటల అంచు. నడుమ ఈ ఎత్తు మీద సముద్రపు రాళ్ళతో, సున్నంతో కట్టిన పాత ఇల్లు. పైకప్పు ఎప్పుడో పోయింది. తలుపు ఉండవలసిన చోటు ఊరికి వీపు పెట్టి సముద్రం వైపు ఉంది. ఇంటి పక్కన ఒక వేపచెట్టు. గాలికి ఒరిగి ఒరిగి, నేల మీద మోచెయ్యి ఆనించి పడుకున్న ముసలి మనిషిలా ఉంది. గోడ మీదా చెట్టు మొదలు మీదా ఎర్ర పెయింటు గుర్తులున్నాయి. మిషన్‌తో పడగొట్టవలసినవాటికి పెట్టే గుర్తులు. మొన్న వాటిని పెట్టింది రఘుపతే.

"ఇది మా ఇంట్లో దాచిపెట్టిన కథ. బయట ఎవరికీ తెలియదు," అని మొదలుపెట్టాడు ఉమర్. "ఇంగ్లీషువాళ్ళ ఓడలు తిరిగే కాలం. బొంబాయి నుంచి ఒక పడవ వచ్చింది. సుంకం ఇల్లు కట్టడానికి సున్నం పని తెలిసిన కూలీలు, వాళ్ళ ఆడవాళ్ళు, పిల్లలు. దారిలో మశూచి. మస్కట్ రేవులో లంగరు వెయ్యనివ్వలేదు. రోగమున్నదని తెలిపే పసుపు గుడ్డ కట్టుకుని ఆ పడవ ఒడ్డు వెంట ఇంత దూరం వచ్చింది. ఎవరో ఇంగ్లీషు డాక్టరు వెనకే వచ్చి, రోగులను దించడానికి ఇక్కడ ఇల్లు కావాలన్నాడు. సుంకం దగ్గర కడదామంటే వర్తకులు వద్దన్నారు, గాలి మా మీదికి కొడుతుందని. పడవల దగ్గరంటే చేపలవాళ్ళు వద్దన్నారు, గాలి మా మీదికి కొడుతుందని. తోటల పక్కనంటే తోటలవాళ్ళు."

"ఇంతకూ గాలి ఎటు కొడతది?" అన్నాడు రఘుపతి.

ఉమర్ ముఖంలో మొదటిసారి నవ్వు మెరిసింది. "పగలు సముద్రం నుంచి ఊరి మీదికి. రాత్రి ఊరి నుంచి సముద్రం మీదికి. అందరూ నిజమే చెప్పారు. అందుకే తెగలేదు. వాళ్ళు తగువాడుకుంటున్నన్నాళ్ళూ పడవలో మనుషులు చస్తూనే ఉన్నారు. చివరికి ఎవరికీ పనికిరానిదని ఈ మిట్ట ఇచ్చారు. ఇక్కడ తాగడానికి చుక్క నీళ్ళు లేవు. ఒంట్లో ఓపిక మిగిలిన కూలీలే తమ ఇల్లు తామే కట్టుకున్నారు. ఈ సున్నం వాళ్ళదే."

రఘుపతి గోడ దగ్గరకు వెళ్ళాడు. నూరేళ్ళ ఉప్పుగాలి తిన్నా అతుకు విడవని రాళ్ళ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. తను పెట్టిన ఎర్ర గుర్తు పక్కనే ఉంది.

"మా ముత్తాత చేపలవాడు. రోజూ పడవలో కుండెడు నీళ్ళు తెచ్చి, అదిగో ఆ రాయి దగ్గర పెట్టి, కేక వేసి వెనక్కి వెళ్ళేవాడు. లోపలి నుంచి ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్ళేవారు. వచ్చేవాళ్ళు మారుతూ వచ్చారు. మొదట మగవాళ్ళు, తరువాత ఆడవాళ్ళు. ఒకరోజు ఒక చిన్నపిల్ల వచ్చింది, కుండ ఎత్తలేక ఇసుకలో ఈడ్చుకుంటూ. తరువాత రోజూ ఆ పిల్లే. ఇక ఎవరూ రారని ఆయనకు అర్థమైంది. ఆ రోజు కుండ పెట్టి వెనక్కి వెళ్ళలేదు. పిల్లను ఎత్తుకుని పడవలో వేసుకున్నాడు."

వాణి ఆ రాయి నుంచి గోడ దాకా ఉన్న దూరాన్ని కళ్ళతో కొలిచింది.

"ఆ పిల్లకు తయ్యబా అని పేరు పెట్టుకున్నారు. పెరిగాక ఆయన కొడుకే చేసుకున్నాడు. మా నాయనమ్మ. మా మాటే మాట్లాడేది, ఐదు పూటలా నమాజు చేసేది. సొంత భాష ఒక్క ముక్క మిగల్లేదు. కానీ ఇంట్లో ఏ బిడ్డకు ఒళ్ళు కాలినా గేటుకు వేప కట్టేది, అచ్చం ఇలాగే, పసుపు గుడ్డతో. పొయ్యి మీద నూనె పెట్టనిచ్చేది కాదు. చేపలవాళ్ళ ఇల్లమ్మా మాది! వేయించిన చేప లేకపోతే ముద్ద దిగదు. ఉడికించిన చేపలు పెట్టి మా నాన్నను ఏడిపించేది. ఎందుకని అడిగితే తెలియదనేది. వేయించకూడదు, అంతే అనేది. అలా కట్టిన ముడి ఆమె పోయాక మళ్ళీ ఈ రోజే చూశాను."

వాణికి ఆ పిల్ల కళ్ళకు కట్టింది. ఆరేడేళ్ళ పిల్ల. తల్లి పోయింది, తండ్రి పోయాడు. భాష పోయింది, పేరు పోయింది. పోపు పెట్టకూడదన్న మాట ఒక్కటి మిగిలింది. తల్లి చేతి స్పర్శ లాగా, ఎవరిదో తెలియకుండా, నూరేళ్ళు.

"అత్తమ్మా..." అని పిలవబోయి ఆగిపోయింది.

దేవవ్వ వేపచెట్టు మొదట్లో ఉంది. చెప్పులు విడిచేసింది. వంగిన కొమ్మ చాటున రెండు పలక రాళ్ళు నిలబెట్టి ఉన్నాయి. వాటి మీద ఒకటి అడ్డంగా. ఆ పిడికెడు గూడు లోపల గుండ్రటి నల్ల రాయి, చేతులు తగిలి తగిలి నునుపు తేలింది.

"మా నాయనమ్మ ఏడాదికోసారి నన్ను వెంటబెట్టుకుని వచ్చేది," అన్నాడు ఉమర్ గొంతు తగ్గించి. "ఆ రాయి మీద చల్లటి నీళ్ళు పోసి, మాట్లాడకుండా వెళ్ళిపోయేది. ఎవరికీ చెప్పొద్దనేది."

"పోచమ్మ," అంది దేవవ్వ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మూడు రాళ్ళు ఎవరన్న పేరుస్తరు అవ్వా. మనోళ్ళే అని ఎట్లంటం?" అన్నాడు రఘుపతి. అన్నాడే గానీ ఆ గూడు మీంచి చూపు తిప్పలేదు.

"అనను బిడ్డా. బొంబాయికి సున్నం పనికి మన దిక్కు నుంచి శానమంది పోయేటోళ్ళు. పోయినోళ్ళల్ల రానోళ్ళున్నరు. కాదని మాత్రం నువ్వెట్లంటవ్?"

వాణి ఉమర్ ఎదుటికి వచ్చి నిలబడింది. ఇల్లు పోతే పోనీ అనుకుని అడిగేసింది.

"మీ నాయనమ్మ ఈ ఇంట్లోంచే బతికి బయటికి వచ్చింది, చాచా. మరి ఇక్కడ దవాఖాన వద్దని మీరే ముందు నిలబడ్డారేమిటి?"

"వాణీ!" అన్నాడు రఘుపతి.

ఉమర్ కర్రతో ఇసుకలో గీత గీశాడు, చెరిపాడు. "రోగాలింటి పిల్ల అంటారని మా తాత బతికున్నంతకాలం నోరు విప్పలేదు. మా నాన్నా విప్పలేదు. నేనూ విప్పలేదు. నా కొడుకులకు కూడా తెలియదు. ఈ గోడ తవ్వితే ఎముకలు బయటపడతాయి, ఎవరివని ఊరు అడుగుతుంది. నేను వద్దన్నది దవాఖానను కాదు."

"మీరు ఊరికి అలా చెప్పలేదు. రోగం గాలిలో వస్తుందని చెప్పారు. ఊరు నమ్మింది."

ముసలాయన తల ఎత్తలేదు. వాణికి జాలి వేసింది, కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

"మా మనిషి ఇస్తారిని ఈ ఊళ్ళో దించనివ్వలేదు, చాచా. ఎక్కడ కట్టాలని అప్పుడూ కొట్లాడారు, ఇప్పుడూ కొట్లాడుతున్నారు. మీ ముత్తాత ఏ పక్షాన నిలబడ్డాడో నాకు తెలియదు. నీళ్ళు మాత్రం తెచ్చాడు."

దేవవ్వ లేచి వచ్చింది. కోడలు ఏమందో సగమే అర్థమైనా, తనకు తోచింది చెప్పింది. "ఆయనకు చెప్పు బిడ్డా. పోచమ్మను మేము ఊరి నడుమ పెట్టం, పొలిమేరల పెడ్తం. ఎల్లగొట్టినట్టు కాదు. కావలి పెట్టినట్టు. దవాఖాన గిట్ల పొలిమేరల ఉంటే తప్పేంది? పోయి నీళ్ళు పోసేటోళ్ళుండాలె గని."

వాణి హిందీలోకి మార్చి చెప్పింది. ఉమర్ విన్నాడు. చెట్టు వైపు ఒకసారి చూసి బండి ఎక్కాడు. తిరిగి వచ్చే దారిలో వాణి వెనక సీట్లో తల వంచుకుని ఫోనులో ఏదో రాసి పంపింది. ఇంటి ముందు దింపాక ఉమర్ గేటు దగ్గర ఆగి, మండల్లోంచి ఒక రెమ్మ తీసుకోవచ్చా అని సైగతో దేవవ్వను అడిగాడు. ఎవరు ముట్టుకున్నా చెయ్యి విరుస్తానన్న మనిషి తనే ఒక రెమ్మ విడదీసి ఆయన చేతిలో పెట్టింది. ఇల్లు ఖాళీ చెయ్యమన్న మాట ఆయన ఎత్తలేదు. చెయ్యవద్దనీ అనలేదు.

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినిపించే వేళకు అందరూ చాప మీద అన్నాలకు కూర్చున్నారు. సంగీత లోపలి గది గడప అవతల తన కంచం పెట్టుకుంది. "డాడీ, పోపు లేకుంటనే రెండోసారి ఏసుకుంటున్నవ్!" అని అక్కడి నుంచే వెక్కిరించింది. రఘుపతి నవ్వబోయాడు. ఫోన్ మోగింది. సైట్ ఇంజనీరు. "ఆఁ సార్... రేపేనా?... ఆదివారం అన్నరు కద... ఆఁ." పెట్టేశాక కూడా ఫోను చేతిలోనే ఉంది.

"ఏమైంది?" అంది దేవవ్వ.

"ఆదివారం ఊరోళ్ళంత అడ్డం పడేటందుకు జమైతరట. అంతకంటె ముందే పని షురూ చెయ్యాల్నంటున్నరు. రేపు పొద్దున్నే మిషన్ పోవాలె. ముందుగాల..." అతను కంచంలోకి చూశాడు. "ముందుగాల ఆ గోడ, ఆ చెట్టు."

ఎక్కడి చేతులు అక్కడే ఆగిపోయాయి. పక్కింటి వంటింట్లో చేపలు వేగుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.

వాణి అత్త కంచంలో పెరుగు వేసింది. గడప అవతలికి వంగి కూతురికి వేసింది. భర్తకు వేసింది. వేస్తూనే, రేపటి కూర గురించి చెబుతున్నంత నిదానంగా చెప్పింది.

"దవాఖానల చేస్తనని బండిలనే మెసేజ్ పెట్టిన. ఇగ మారది. దవాఖాన ఆడనే రావాలె, ఆ ఇల్లూ ఆడనే ఉండాలె. రేపు పొద్దున నువ్వు మిషన్ తోలుకొచ్చేసరికి నేను ఆ చెట్టు కింద కూసోని ఉంట."